పదిహేను వేలకు ఆశపడి బండి వాపసు పంపకండి

ప్రశ్న: మాది హనుమకొండ. మోకాళ్ల నొప్పులతో మామూలు సైకిల్ తొక్కలేని మా నాన్న కోసం 2024 ఆగస్టులో ఆన్‌లైన్‌లో రికంబెంట్ ట్రైసైకిల్ (వెనక్కి వాలి కూర్చుని తొక్కేది, ముందు రెండు చక్రాలు) 42 వేలకు కొన్నాను. 2025 మార్చిలో వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర మలుపులో ఎడమ చక్రం ఇరుసు విరిగి పడిపోయారు. మణికట్టు విరిగింది. అప్పటి నుంచి ఇల్లు కదలడం లేదు. ఇరుసుకు వెల్డింగ్ చేయించాం. ఆరు నెలల వారంటీ అయిపోయిందని, బండి వాపసు పంపి కాగితం మీద సంతకం పెడితే 15 వేలు ఇస్తామని అమ్మినవాళ్లు అంటున్నారు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ కేసు ఒక్క ప్రశ్న మీదే నిలబడుతుంది. ఇరుసు ఎందుకు విరిగింది?

సైకిల్ మలుపులో పక్కకు వాలుతుంది కాబట్టి బరువు చక్రం మీద నిలువుగా పడుతుంది. ఈ బండి వాలదు. తిరిగిన ప్రతిసారీ ఆ ఒత్తిడి చక్రాన్ని పక్కకు నెడుతుంది. పైగా ముందు చక్రాన్ని ఇరుసు ఒక్క వైపు నుంచే మోయాలి. అందుకే దానికి లావు ఇరుసు, గట్టి హబ్ (చక్రం మధ్య భాగం) వేయాలి. ఖర్చు తగ్గించుకోవడానికి మామూలు సైకిల్ సరుకు బిగించారంటే అది డిజైన్ లోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ కింద తయారీదారు జవాబు చెప్పాల్సిందే. తయారీదారు ఎవరో తెలియకపోయినా, విదేశీ కంపెనీ అయి నోటీసు అందే వీలు లేకపోయినా 86వ సెక్షన్ కింద అమ్మినవాణ్ని పట్టుకోవచ్చు.

కానీ వెల్డింగ్ ఎవరు చేయించమన్నారు? పగులు ఎక్కడ మొదలైందో చెప్పేది ఇరుసు విరిగిన చోట కనిపించే ఉపరితలమే. దాన్ని చేతులారా కరిగించేశారు. ప్రమాదం తర్వాత చేసిన మార్పు కాబట్టి దానివల్లే కేసు పోదు, రుజువు చేయడమే కష్టమవుతుంది. కుడి చక్రం ఇరుసు ఇంకా అసలుదే కదా, దాన్ని ముట్టుకోకండి. బండిని తొక్కకుండా తాళం వేసి ఉంచండి. వెల్డింగ్ షాపులో తీసేసిన ముక్కలేమైనా మిగిలాయేమో ఇవాళే వెళ్లి అడగండి.

ఆ 15 వేల కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. బండి వాళ్ల చేతికి వెళ్లిందంటే మీ సాక్ష్యం మొత్తం అవతలి పార్టీ దగ్గర ఉన్నట్టే. పైగా ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని మీరే రాసిచ్చినట్టవుతుంది.

వారంటీ గడువు వేరు, కేసు గడువు వేరు. 69వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు, అంటే 2027 మార్చిలో అదే తేదీ దాటకుండా ఫిర్యాదు వేయాలి. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన ఈ గడువు ఆగదు. చాలామంది ఇక్కడే మోసపోతారు.

మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాడు ఎక్కడున్నా సరే. బండి ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బిల్లు మీ పేరున ఉన్నా, మీ అనుమతితో వాడిన నాన్నగారూ వినియోగదారుడే. ఆస్పత్రి కాగితాలు, ఎక్స్‌రే, మందుల బిల్లులు జత చేయండి. ప్రకటనలో ఎంత బరువు మోస్తుందని రాశారో ఆ పేజీని తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసి, భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్‌తో పెట్టండి. మెకానికల్ ఇంజనీరుతో రెండు ఇరుసులూ కొలిపించి రిపోర్టు రాయించుకోండి. బండిని ల్యాబ్ పరీక్షకు పంపమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద ఫిర్యాదుతోపాటే దరఖాస్తు వేయండి.