కార్బురేటర్ జెన్‌ను డ్రాగ్ ట్రాక్ మీద తక్కువ ఖర్చుల ట్యూన్ చేసుకునుడెట్ల?

మిర్యాలగూడ తమ్ముడు అడిగింది ఇది: పాత కార్బురేటర్ మారుతి జెన్ ఉంది, డ్రాగ్ ఈవెంట్‌కు (402 మీటర్ల తిన్నని ట్రాక్ మీద పెట్టే స్పీడు పోటీ) తీసుకపోవాలె, చేతుల 15 వేలే ఉన్నయి. ఎగ్జాస్ట్ మార్పియ్యాల్నా, పెద్ద కార్బురేటర్ వెయ్యాల్నా?

రెండూ వద్దు తమ్మీ. ముందుగాల మంచి టైరు గేజి, టైమింగ్ లైటు (ప్లగ్గుల నిప్పురవ్వ ఎప్పుడు పడుతుందో చూపేది), ఒక నోటుబుక్కు కొనుక్కో. మాది నల్లగొండ, నేను గూడ ఇసొంటి చిన్న మారుతితోనే పోతుంట. నేను చూసినకాడికి మనోళ్లు పవర్ కోసం పైసలు పోస్తరు, ఆ పవరంత స్టార్టింగ్ లైన్ కాడనే టైర్లు తిరిగి పోతది.

రన్ అయినంక ఇచ్చే స్లిప్పుల అందరు మొత్తం టైము చూసి జేబుల వేసుకుంటరు. నువ్వు చూడాల్సినవి వేరే: మొదటి 60 అడుగులకు పట్టిన టైము, 402 మీటర్ల చివర కొలిచే బండి స్పీడు, అంటే ట్రాప్ స్పీడు. 60 అడుగుల టైముల టైర్ల పట్టు, క్లచ్చు వదిలిన తీరు తెలుస్తది. ట్రాప్ స్పీడుల ఇంజిన్ దమ్ము తెలుస్తది. స్పీడు మంచిగనే ఉండి 60 అడుగులు ఖరాబుంటే బానెట్ ఎత్తే పనే లేదు. మొదట్ల 0.1 సెకను మిగిలితే చివరికి సుమారు 0.15 సెకను కలిసొస్తది. అంత తేడా ఎగ్జాస్ట్ మీద రావాల్నంటే నీ 15 వేలు ఏ మూలకు?

జెన్ ముందు చక్రాలతోని నడిచే బండి. లైన్ మీంచి ఎగిసినప్పుడు బరువు వెనక్కి పోతది, ముందు టైర్లు తేలికై ఉత్తగనే తిరుగుతయి. అందుకని ముందు గాలి 30 పీఎస్ఐ కాడ మొదలుపెట్టి రన్‌కు రెండు చొప్పున దించుకుంట రా. మామూలు రోడ్డు టైర్లయితే 20 కన్న కిందికి నేను పోను. వెనక టైర్ల గాలి 38 దాకా పెంచు, టైరు మీద రాసిన హద్దు మాత్రం దాటొద్దు. గట్టిగున్న వెనక టైరు తేలిగ్గ దొర్లుతది. స్టెప్నీ, జాకీ, వెనక సీటు నీ క్లాసు రూల్సు ఒప్పుకుంటే తీసెయ్. మొత్తం బరువు తగ్గుడే గాదు, అందుల ముందు చక్రాల వాటా పెరుగుతది. లాంచ్ (లైన్ మీంచి బండిని ఎగిరిచ్చుడు) 3000 ఆర్పీఎం కాడ మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచు. లైన్ కాడ అడ్డంగ లైటు కిరణం ఉంటది, ముందు చక్రం దాన్ని తాకంగనే స్టేజ్ బల్బు వెలుగుతది. అది వెలగంగనే ఆగు, ఇంకా ముందుకు జరగకు. టైము లెక్క చక్రం ఆ కిరణం దాటినంకనే మొదలైతది గనుక ఆ కొన్ని ఇంచులు నీకు పుణ్యానికి దొరికిన పరుగు. రియాక్షన్ టైము (పచ్చ బల్బు వెలిగినంక నువ్వు కదలడానికి పట్టేది) గురించి ఇప్పుడే పరేషాన్ గాకు, అది ఈ లెక్కల కలవదు.

ఒక్క రన్‌కు ఒక్కటే మార్చు. మార్చింది, ఎండ, గంట అన్నీ రాసుకో. మన ఎండల సంగతి తెలిసిందే గదా. 20 డిగ్రీల గాలితోని చూస్తే 42 డిగ్రీల గాలి ఏడు శాతం పలచగ ఉంటది, ఇంజిన్‌కు అంత తక్కువ ఆక్సిజన్ అందుతది. పగటి రన్‌ను రాత్రి రన్‌తోని పోల్చి "నా ట్యూనింగ్ పనిచేసింది" అని మురిసేటోళ్లను మస్తుమందిని చూసిన. రన్‌కు రన్‌కు నడుమ బానెట్ ఎత్తిపెట్టు, ఇంటేక్ మానిఫోల్డ్ (గాలి, పెట్రోలు ఇంజిన్‌లకు పోయే గొట్టం) మీద ఐసు సంచి పెట్టు. లైన్ మీదికి పోయే ముందు తియ్యి, నీళ్లు తుడువు. ట్రాక్ మీద కారితే నిన్ను పక్కకు పెడతరు.

ఇంజిన్‌ల చూడాల్సింది పెట్రోలు. ఇప్పుడు బంకుల పోసేది ఇథనాల్ 20 శాతం కలిసింది. ఉత్త పెట్రోలు ఒక పాలు కాలడానికి గాలి 14.7 పాళ్లు కావాల్నంటే దీనికి 13.5 చిల్లర చాలు. నీ కార్బురేటర్ జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) పాత లెక్కకు చేసినయి, కంప్యూటర్ లేదు గనుక దానంతటది సర్దుకోదు, ఇంధనం తక్కువ పడుతది. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేసి ప్లగ్గులు చూడు. తెల్లగ పాలిపోతే ఇంకా తక్కువనే పడుతుంది, మసి పట్టి నల్లగైతే ఎక్కువైంది, లేత గోధుమరంగైతే సరిపోయింది. రన్ అయినంక పిట్‌కు మెల్లగ నడుపుకుంట వచ్చి చూస్తే కనబడేది ఆ మెల్లటి నడక రంగే. చివర్ల పక్కకు తీసి బంద్ చేసి, దోస్తులతోని నూకిచ్చుకుంట తెచ్చి విప్పు. పాత రబ్బరు పైపులు గూడ ఈ పెట్రోలుకు ఆగవు, మార్చెయ్.

టైమింగ్ ఆఖర్న. డిస్ట్రిబ్యూటర్‌ను (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) నిప్పురవ్వ రెండు డిగ్రీలే ముందుగాల పడేటట్టు తిప్పు. ట్రాప్ స్పీడు పెరిగితే ఉంచు, పెరగకుంటే వెనక్కి తే. నాకింగ్ చప్పుడు (ఇంజిన్‌ల టకటక) వినబడితే స్పీడు చూసేది గూడ లేదు, వెంటనే తగ్గియ్యాలె.

ఇదంత నార్కట్‌పల్లి బైపాస్ మీదనో, జడ్చర్ల కాడ హైవే మీదనో పరీక్ష చేస్తనంటే మాత్రం నన్ను అడగకు. మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద రోడ్డు మీద రేసింగుకు మూడు నెలల జైలు, 5 వేల జరిమానా దాకా ఉంది. ఎదురొచ్చే పత్తి ట్రాక్టరుకు నీ లాంచ్ సంగతి తెల్వదు.

అదే కారుల ఇంటికొస్తవు గదా, ట్రాక్ గేటు దాటకముందే నాలుగు టైర్ల గాలి మామూలుకు తే, టైమింగ్ పాత గుర్తు మీదికి తిప్పు. 20 పీఎస్ఐ టైరుతోని ఎండల హైవే ఎక్కితే టైరు పేలుతది.