అన్నీ పెట్టారు, మార్కెట్ వినిపించిందా?

ప్రశ్న: నేను జర్నలిజం చదువుతున్నానండి. మా టమాటా మార్కెట్ మీద ఐదు నిమిషాల రేడియో రిపోర్ట్ చేసి క్లాసులో వినిపిస్తే, పేపర్లో వార్త చదివినట్టుంది అన్నారు. ధరలు, ఆఫీసర్ మాట, రైతు మాట అన్నీ పెట్టాను. కథలా చెప్పడం ఎలా నేర్చుకోవాలి?
– ఓ విద్యార్థిని, మదనపల్లె

జవాబు: అన్నీ పెట్టానంటున్నారు కదమ్మా, క్రేట్లు దింపే చప్పుడు, వేలం పాడే గొంతు అందులో ఉన్నాయా? ఈసారి ఒక్క రైతుని ఎంచుకోండి, ఆయన బండి గేటు దాటినప్పటినుంచి డబ్బు చేతికొచ్చేదాకా ఆయన వెంటే ఉండండి. పాట ఎక్కడ ఆగుతుందా అని ఆయన ఎదురుచూస్తుంటాడు చూడండి, వినేవాళ్ళు కూడా అక్కడే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు, మీ కథ అదే. ధరల మీద మీ అభిప్రాయమేంటి అని అడిగితే అందరూ చెప్పేదే చెప్తాడు. ఇంట్లో బయల్దేరేటప్పుడు ఎంత వస్తుందనుకున్నారు, కోతకూలి ఎంతిచ్చారు అని అడగండి. జవాబు చెప్పగానే ఇంకో ప్రశ్న వేసేయకండి, కాసేపు ఊరుకుంటే అసలు మాట అప్పుడొస్తుంది.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పట్టుకోండి. వచ్చేముందు మీరేమీ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త మార్కెట్ శబ్దం తీసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు తెలీకుండా ఉండాలంటే అది కావాల్సిందే.

స్క్రిప్ట్ రాయకముందే రికార్డ్ చేసిందంతా వినండి, బాగున్న ముక్కలు వరసగా పెట్టుకుని వాటి మధ్యలో ఎంత కావాలో అంతే రాయండి. పేపరైతే మళ్ళీ పైకెళ్ళి చదువుకోవచ్చు, రేడియోలో ఆ వీల్లేదు, అందుకని వాక్యానికి ఒక్క విషయమే, అంకెలు ఒకటో రెండో, మాట్లాడేది ఎవరో ముందు చెప్పి తర్వాత గొంతు. రైతు చెప్పబోయేది ముందే మీరు చెప్పేస్తే ఆయన గొంతుకి విలువుండదు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది, 2008 అక్టోబర్ 15న మొదలైంది, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాల్లోని దళిత ఆడవాళ్ళు నడిపేది. విత్తనాలు, పంటలు, పాటలు అన్నీ అక్కడి యాసలోనే. మీరూ మీ ఊరి మాటలోనే చెప్పండి, స్టూడియో భాష తెచ్చిపెట్టుకోవద్దు. ప్రైవేట్ ఎఫ్ఎంలకీ, ఇలా ఊరివాళ్ళే నడుపుకునే కమ్యూనిటీ రేడియోలకీ సొంతంగా వార్తలిచ్చే పర్మిషన్ లేదు, ఆ రూల్ మారాలని నాకు గట్టిగా ఉంది. ఈలోపు ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగంలో ప్రయత్నించండి, లేదంటే పాడ్‌కాస్ట్ ఎటూ ఉంది.

ముందు మీ పాత రిపోర్టే తీసి ఆఫీసర్ మాట కట్ చేసి మూడు నిమిషాలకి కుదించండి, మార్కెట్ ఎప్పుడూ చూడనివాళ్ళకి వినిపించి, ఎక్కడ బోరు కొట్టిందో అడగండి.