గీత హోల్బైన్‌ది, కుంచె ఎవరిది?

ప్రశ్న: లివర్‌పూల్ వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ నిలువెత్తు చిత్రం చూశాను. అది ఆ రాజు ఆస్థాన చిత్రకారుడు హోల్బైన్ వేసిన చిత్రమని ఎప్పటి నుంచో వింటున్నాను. ఆయన స్వయంగా వేసింది కాదని అక్కడ చెప్పారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిన ఆ భంగిమ కచ్చితంగా హోల్బైన్‌దే. 1537లో లండన్ వైట్‌హాల్ ప్యాలెస్ గోడ మీద హెన్రీని, రాణి జేన్ సీమూర్‌ని, రాజు తల్లిదండ్రులను కలిపి ఆయన చిత్రించాడు. 1698 అగ్నిప్రమాదంలో ఆ గోడ పోయింది. అసలు కొలతకు గీసుకున్న కాగితపు నమూనాలో ఎడమ సగం మాత్రం లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో మిగిలింది. ఎత్తు సుమారు 2.6 మీటర్లు. గీతల వెంట సూదితో పొడిచిన రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి మీద బొగ్గుపొడి మూట అద్దితే గోడ మీద చుక్కలు పడతాయి, వాటిని కలుపుకుంటూ బొమ్మ గీస్తారు.

ఈ నమూనాలో రాజు ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. గోడ చిత్రానికి 1667లో వాన్ లీంపుట్ అనే చిత్రకారుడు వేసిన నకలులోనేమో సూటిగా మనవైపే చూస్తాడు. అంటే గోడ మీదికి వచ్చేసరికి హోల్బైన్ ముఖం మార్చాడన్నమాట. నాకు ఇదే అన్నిటికన్నా విలువైన ఆధారం, ఎందుకంటే వాకర్ చిత్రంలాంటివి సూటి ముఖాన్నే అనుసరిస్తాయి, అంటే వాటికి మూలం ఈ నమూనా కాదు, గోడ చిత్రం.

అలాంటి చిత్రాల్లో కుంచె ఎవరిదో తేల్చడం కష్టం. ఓక్ పలక మీద వేసినదైతే చెట్టు వలయాలు లెక్కిస్తారు. చివరి వలయం 1550 నాటిదైతే 1543లో చనిపోయిన హోల్బైన్ దాన్ని వేసే అవకాశమే లేదు. 1530 నాటిదైతే మాత్రం ఆయన పేరు రుజువు కాదు: పలక కోసేటప్పుడు బెరడు వైపు చెక్కేస్తారు కాబట్టి చివరి వలయాలు పోతాయి, పైగా శిష్యులూ అదే చెక్క వాడతారు. పరారుణ కెమెరాలో రంగు కింది గీత కనిపిస్తుంది. అది నమూనా నుంచి దించిన గీత అయినంత మాత్రాన నకలు అనేయకూడదు, హోల్బైన్ కూడా తన డ్రాయింగులను అలాగే దించుకునేవాడు. చివరికి ముఖం, చేతులు, నగల పనితనాన్ని ఆయనదని ఖాయమైన చిత్రంతో పోల్చాల్సిందే. హెన్రీని హోల్బైన్ స్వయంగా రంగుల్లో వేసినట్టు అందరూ ఒప్పుకునేది మాడ్రిడ్ థిస్సెన్ మ్యూజియంలోని చిన్న పలక ఒక్కటే, 28 సెంటీమీటర్ల ఎత్తు.

ప్రశ్న: మా ఇంట్లో పాత రాజావారి చిత్రం ఉంది, మూలన రవివర్మ సంతకం. నిజమైనదేనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందు పది రెట్ల భూతద్దంతో చూడండి. ముఖమంతా సన్నని రంగు చుక్కలుంటే అది అచ్చు. గరుకుగా తగిలిందని కాన్వాస్ అనుకోకండి, అచ్చు బొమ్మలకూ ఆ నేత గుర్తులు వేసి వార్నిష్ పూసేవారు. చేత్తో వేసినదే అయితే సంతకం దగ్గర పగుళ్లు చూడండి. సంతకం రంగు పగుళ్లలోకి దిగి ఉంటే తర్వాత చేర్చినదే. వెనక చీటీలు, చట్రం ఫొటో తీసుకోండి, ఇంటి పాత జమాఖర్చు పుస్తకాల్లో చిత్రకారుడికి చెల్లింపు ఉందేమో వెతకండి. తడిగుడ్డతో మాత్రం తుడవకండి, పగుళ్లలోకి నీరు దిగి రంగు పెచ్చులు లేస్తుంది.