ముల్లు గుచ్చింది చేపే, రొయ్యలు చస్తున్నది దాని వల్ల కాదు

ప్రశ్న: మా రెండెకరాల వనామీ రొయ్యల గుంటలో పిల్ల వేసి 55 రోజులు. రోజూ పది, పదిహేను రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. సైజు ఎగుడుదిగుడుగా ఉంది, చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) దగ్గర తెల్లటి దారాల్లాంటివి తేలుతున్నాయి. మొన్న విసురు వల వేస్తే మీసాలు, ఒంటి మీద రెండు చారలు ఉన్న జెల్ల చేపలు పడ్డాయి. ఒకటి మా కూలీ బొటనవేలికి గుచ్చింది. తాడు కట్టి, ఐస్ పెట్టాం. రాత్రంతా ఏడ్చాడు, మోచేతి దాకా వాచింది. జెల్ల విషం నీళ్లలో కలిసిందని, కాపర్ సల్ఫేట్ వేయమని డీలర్ అంటున్నాడు. ఎంత వేయాలి?
– ఓ రైతు, అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: అసలు వేయకండి. వేస్తే నీళ్లలో పాచి చచ్చి, రాత్రికి ఆక్సిజన్ పడిపోతుంది. మిగిలిన రొయ్యలూ పోతాయి. నాలుగు పిల్ల చేపల ముల్లు విషంతో దాదాపు కోటి లీటర్ల నీళ్లు చెడతాయా? డీలర్‌ను ఈ లెక్క అడగండి. ఆ తెల్లటి దారాలు రొయ్యల రెట్ట, పేగు జబ్బుకు గుర్తు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి అని నా అనుమానం. ఇవాళే కొన్ని రొయ్యల్ని ల్యాబ్‌కు పీసీఆర్ టెస్టుకు (రోగక్రిమిని జన్యువుతో పట్టే పరీక్ష) పంపండి, మేత సగానికి తగ్గించండి. ఈహెచ్‌పీకి మందు లేదు, ఎవరైనా అమ్మితే కొనకండి.

రొయ్యల కంటే ముందు ఆ కూలీ సంగతి చూడాలి. వలలో పడింది సముద్రపు చారల జెల్ల. తోక పాములా సన్నబడుతుంది, పిల్లలు బంతిలా గుంపు కట్టి తిరుగుతాయి. ముళ్లు మూడే: వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి. అంచుకు రంపపు పళ్లుంటాయి. ముల్లు మీది చర్మం చిరిగినప్పుడు విషం గాయంలోకి దిగుతుంది.

ఈ విషం ప్రొటీన్, వేడికి విరుగుతుంది. ఐస్ పెట్టి మీరు చేసింది తిరగబడ్డ వైద్యం. తాడూ కట్టకూడదు. గుచ్చిన వెంటనే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచాలి. 45 డిగ్రీలు దాటకూడదు. గుంట నీటికి వాడే థర్మామీటరే పెట్టి చూడండి. 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి, చల్లారితే మార్చాలి. వేడి ఎంతుందో గాయం లేని చేత్తో చూడాలి. మొద్దుబారిన చెయ్యి కాలినా తెలియదు. గుంట షెడ్డులో మేత బస్తాల పక్కన స్టవ్, గిన్నె ఉంచమని ఎన్నిసార్లు చెప్పినా పెట్టేవాళ్లు లేరు!

మీవాడికి రెండు రోజులైంది కాబట్టి ఇక వేడి నీళ్లతో కాలయాపన వద్దు. ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముల్లు ముక్క లోపల విరిగిందేమో ఎక్స్‌రే తీస్తారు, ధనుర్వాతం ఇంజక్షన్ ఇస్తారు. వాపు పైకి పాకినా, నల్లటి బొబ్బలు వచ్చినా, అతనికి షుగర్ ఉన్నా గంట కూడా ఆగకండి. ఉప్పునీటి బ్యాక్టీరియా వేగంగా ముదురుతుంది. మెడికల్ షాపులో బిళ్లలు కొని సరిపెట్టకండి.

గుంటలో మిగిలిన జెల్లలను వలతోనే తీయండి. వాటి వల్ల నష్టం ఉంది, కానీ అది విషంతో కాదు, రొయ్యల్ని తింటాయి. తూముకు 60 మెష్ (అంగుళానికి 60 కళ్లు) వల రెండు పొరలు కట్టి ఉంటే లోపలికి వచ్చేవే కావు. చేపల్ని చంపే టీ సీడ్ కేక్ (తేయాకు గింజల చెక్క) వేయాలంటే రొయ్యలు కోలుకున్నాకే. నీటి ఉప్పదనం 15 పీపీటీ (వెయ్యికి 15 పాళ్లు) దాటితే 15 పీపీఎం (పది లక్షలకు 15 పాళ్లు), అంటే నాలుగడుగుల నీటికి ఎకరాకు సుమారు 75 కిలోలు, రాత్రంతా నానబెట్టి.

పట్టిన జెల్లల్ని గట్టు మీద పారేయకండి. చచ్చిన చేప ముల్లూ గుచ్చుతుంది, మీ గట్టు మీద అందరూ ఉత్త కాళ్లతోనే నడుస్తారు.