ఇనుము కోసే చిన్న గ్రైండర్‌కి ఏడంగుళాల కటింగ్ వీల్ వేయొచ్చా?

వేయకూడదు, గార్డు (వీల్‌ని కప్పే రేకు) తీసేసి బుష్‌తో (వీల్ రంధ్రం సరిపోయేలా వేసే రింగు) బిగిస్తే పట్టినా సరే. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల వీల్ మీద గరిష్ఠంగా సాధారణంగా 8,500 అనే రాసి ఉంటుంది. చుట్లు అవే అయినా వీల్ పెద్దదయ్యేకొద్దీ అంచు వేగం పెరుగుతుంది. ఒంగోలులో ఏ వెల్డింగ్ షాపులోనో గేటుకి ఇనప పైపు ఇలా కోస్తున్నారనుకోండి: అంచు వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది, వీల్‌ని తయారు చేసింది 80కి. పైపు కాస్త బిగుసుకున్నా వీల్ ముక్కలై ఎగరొచ్చు, అదీ కోసే మనిషి మీదికే. గార్డు నిప్పురవ్వల కోసమేనని చాలామంది అనుకుంటారు. రవ్వల సంగతి సరే (కళ్లద్దాలు ఎటూ పెట్టుకోవాలి), పగిలిన ముక్కను ఆపేది గార్డే.