కలుపు మొక్కల మీద చదువు: అమ్మాయి పట్టుదల, ఇంట్లో టెన్షన్

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ రాయనంటోంది. మా కాలనీ పక్క చెరువు నిండా గుర్రపుడెక్కే. కాలేజీలో దాని మీద ప్రాజెక్టు చేసినప్పటి నుంచి ఇలాంటి మొక్కల గురించే చదువుతానని పట్టుబట్టింది. మా బావగారేమో "కలుపు పీకడానికి డిగ్రీ ఎందుకమ్మా?" అని నవ్వారు. ఈ లైన్‌లో ఉద్యోగాలుంటాయా? లేక నచ్చజెప్పి లాంగ్ టర్మ్‌లో చేర్చమంటారా?
– ఒక తల్లి, నాగోల్

జవాబు: ముందు మీ బావగారి సంగతి చూద్దాం. పీకితే పోయే మొక్కలైతే ఆయన అన్నది నిజమే. కానీ మన చెరువుల్లో గుర్రపుడెక్కను యంత్రాలు పెట్టి తీయిస్తూనే ఉంటారు, అది మళ్లీ పరుచుకుంటూనే ఉంటుంది. అనుకూలమైన నీళ్లు దొరికితే దాదాపు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని విత్తనాలు అడుగు బురదలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. పైగా చెరువులో కలిసే డ్రైనేజీ నీళ్లలోని నత్రజని, భాస్వరం దానికి ఉచితంగా అందే ఎరువు. ఏ నెలలో తీయాలి, ఎంత మిగిలితే మళ్లీ కమ్ముకుంటుంది, మురుగు ఆపకుండా తీస్తే ఎన్నాళ్లు ఆగుతుంది? ఇవి లెక్కగట్టి చెప్పేవాళ్లు కావాలి. మీ అమ్మాయి అడుగుతున్నది ఆ చదువే.

ఉద్యోగాలున్నాయి. కాకపోతే "కలుపు నిపుణులు కావలెను" అనే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే కళ్లు కాయలు కాస్తాయి. ఈ పని చేసేవాళ్లంతా వేరే హోదాల్లో ఉంటారు: వ్యవసాయాధికారి, ఆగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) శాస్త్రవేత్త, అటవీ అధికారి, కంపెనీలో ఫీల్డ్ ట్రయల్స్ చూసే మనిషి. అందుకే నాలుగు చోట్ల చెల్లే డిగ్రీ ముందు చేసి, పీజీలో ఈ సబ్జెక్టు పట్టుకోవాలి.

నా ఓటు బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌కే. నాలుగేళ్ల కోర్సు. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మీకు ఊళ్లోనే ఉంది. సీటు టీజీ ఈఏపీసెట్ ర్యాంకు మీద వస్తుంది. ఎమ్మెస్సీలో ఆగ్రానమీ తీసుకుంటే కలుపు యాజమాన్యం అందులో భాగమే. అఖిల భారత కలుపు యాజమాన్య పరిశోధనా పథకానికి అక్కడ కేంద్రం కూడా ఉంది. దేశానికంతటికీ పెద్ద సంస్థ జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్. పరిశోధన దాకా వెళ్లకపోయినా ఈ డిగ్రీతో వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈవో), వ్యవసాయాధికారి (ఏవో) పోస్టులు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష ఉండనే ఉన్నాయి.

ఈ సబ్జెక్టుకు ఇప్పుడు గిరాకీ పెరగడానికి కారణం పొలంలోనే కనిపిస్తుంది. నాటు వేసిన వరి మడిలో నిలబెట్టిన నీళ్లే చాలా కలుపును అణిచేస్తాయి. కూలీలు దొరక్క రైతులు వెదజల్లే వరికి మళ్లుతున్నారు. అక్కడ వరితో పాటే ఊద గడ్డి కూడా మొలుస్తుంది, చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఇక మిగిలేది మందు కొట్టడమే. ఏటా ఒకే మందు కొడితే దానికి లొంగని మొక్కలే మిగిలి విత్తనం రాలుస్తాయి. హర్యానా గోధుమ పొలాల్లో 1990ల మొదట్లో ఐసోప్రోట్యురాన్ అనే కలుపు మందుకు గుల్లీదండా గడ్డి లొంగకపోవడం అలాంటిదే.

పని ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి తెలియాలి. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న ఇనుప చట్రాన్ని పొలంలో పడేస్తారు. దాన్నే క్వాడ్రాట్ అంటారు. అందులో పడ్డ కలుపును జాతుల వారీగా లెక్కపెట్టి, నేలమట్టానికి కోసి, కవర్ల మీద పేర్లు రాసి, ఓవెన్‌లో ఎండబెట్టి తూకం వేస్తారు. మడి తర్వాత మడి, నడుం పట్టేసేదాకా ఇదే. ఇది విసుగనిపిస్తే ఇప్పుడే మానుకోవడం మంచిది.

రెండో దారి బీఎస్సీ బోటనీ చేసి, ఎకాలజీ (జీవావరణ శాస్త్రం) వైపు వెళ్లడం. ఉస్మానియాకు సీపీగెట్, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకి, పాండిచ్చేరిలో ఎకాలజీ ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. అడవుల్లో లాంటానా పొదలు, బీడుల్లో సర్కారు తుమ్మ ఎందుకు పెరుగుతున్నాయి, వాటిని తీసేశాక అక్కడ ఏం మొలుస్తుంది అన్నది ఈ దారిలో వచ్చే ప్రశ్న. నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన సబ్జెక్టు ఇదే. అయితే ఇందులో పీహెచ్‌డీ దాకా వెళ్లకపోతే నిలదొక్కుకోవడం కష్టం. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37,000 ఫెలోషిప్, పైన హెచ్‌ఆర్‌ఏ. రాకపోతే ప్రాజెక్టు అయిపోగానే ముగిసే కాంట్రాక్టు ఉద్యోగాలు. ఇంట్లో వెంటనే జీతం అవసరమైతే ఇటు పంపకండి. మధ్యేమార్గంగా ములుగు అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది (సిద్దిపేట జిల్లా ములుగు, మేడారం దగ్గరిది కాదు). అగ్రికల్చర్, బోటనీ, ఫారెస్ట్రీల్లో ఏది చదివినా యూపీఎస్సీ ఐఎఫ్‌ఎస్ (అటవీ సర్వీసు) పరీక్ష రాయొచ్చు.

హైదరాబాద్‌లో ఉండటం మీకు కలిసొచ్చే విషయం. రాజేంద్రనగర్‌లోనే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రం కూడా ఈ ఊళ్లోనే. పురుగులతో కలుపును అదుపు చేయడం ఇంకో ఆసక్తికరమైన పాయ. వయ్యారిభామ (పార్థీనియం) కలుపును తినే పెంకు పురుగును మెక్సికో నుంచి 1983లో బెంగళూరుకు తెప్పించారు. వదిలిన కొన్నేళ్లకు అది పొద్దుతిరుగుడు మీద కనిపించిందని పెద్ద గొడవే అయింది. ఒక జీవిని వదిలే ముందు ఎన్ని పరీక్షలు చేయాలో నేర్పే సబ్జెక్టు అది.

ఒక్క సంగతి అడగడం మరవకండి: అమ్మాయికి ఆస్తమా గానీ చర్మ ఎలర్జీ గానీ ఉందా? వయ్యారిభామ రెండింటినీ పెంచుతుంది. ఉంటే ఫీల్డ్ వర్క్ గురించి ముందే డాక్టరుతో మాట్లాడండి.

లాంగ్ టర్మ్ మాట వదిలేయండి. రాయనన్న పిల్లను ఏడాది కూర్చోబెడితే ఫీజుతో పాటు ఉత్సాహమూ పోతుంది. ఈఏపీసెట్‌లో బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ తలా 40 మార్కులు. చదివేది ఇంటర్ సిలబసే, దాని మీద గట్టిగా కూర్చోమనండి. మీకు ఊళ్లో పొలం ఉంటే రైతుల పిల్లల కోటా వర్తిస్తుందేమో ప్రాస్పెక్టస్‌లో చూసి, కాగితాల కోసం మండలాఫీసుకు ఇప్పుడే వెళ్లండి. కౌన్సెలింగ్ రోజుల్లో అక్కడ క్యూ చాంతాడంత ఉంటుంది.