క్షమాపణ చెప్పేదెవరు, ఇచ్చేదెవరు?

సందేహం: మా చర్చి మాసపత్రికకు ప్రూఫులు దిద్దుతుంటాను. లెంటు (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) సంచికకు వచ్చిన ఒక వ్యాసంలో “పాపి పశ్చాత్తాపపడి దేవునికి క్షమాపణ చెప్పాలి, అప్పుడు దేవుడు అతనికి క్షమాపణ ఇస్తాడు” అని ఉంది. చెప్పేదీ క్షమాపణే, ఇచ్చేదీ క్షమాపణేనా? ఆ రచయిత పశ్చాత్తాపం అని ఒకచోట, మారుమనస్సు అని ఇంకోచోట రాశారు. రెండూ ఒకటేనా? పశ్చాత్తాపంలో త ఒకటా, రెండా? కృప, కనికరం, కరుణల్లో దేన్ని ఎక్కడ వాడాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

సమాధానం: తేలికదాన్ని ముందు తేల్చేద్దాం. పశ్చాత్ + తాపం = పశ్చాత్తాపం. మొదటి మాట చివరి త్, రెండో మాట మొదటి త కలిశాయి కనుక తకు తవత్తు ఉండాల్సిందే. ‘పశ్చాతాపం’ తప్పు. ‘పశ్చ్యాత్తాపం’ అని యవత్తు చేర్చడమూ తప్పే. పశ్చాత్ అంటే వెనుక, తరువాత. తూర్పుకు తిరిగి నిలబడితే వీపు వైపున ఉండే దిక్కు పశ్చిమం. అదీ ఈ కుటుంబపు మాటే. చేసేశాక వెనక నుంచి వచ్చి కాల్చే వేడి పశ్చాత్తాపం.

మారుమనస్సు దారి వేరు. మారుపేరు, మారువేషం, మారుతల్లి అన్నప్పుడు ‘మారు’ అంటే మరొకటి అని అర్థం. ఆ లెక్కన మారుమనస్సు అంటే మరో మనస్సు, మారిన మనస్సు. కొత్త నిబంధన గ్రీకులో ఇక్కడ ‘మెటనోయా’ ఉంటుంది. అందులో మెటా మార్పును సూచిస్తే, నోయా ‘నూస్’ నుంచి, అంటే మనస్సు నుంచి వచ్చింది. గ్రీకు మాట లోపలి కట్టడాన్ని ఇంత దగ్గరగా పట్టుకున్న తెలుగు సమాసాలు తక్కువ. మరి మామూలుగా ‘మనసు మార్చుకోవడం’ అంటే సరిపోదా? సరిపోదు. చీర కొనబోయి మనసు మార్చుకున్నానంటాం, సంబంధం ఖాయం చేసుకుని మనసు మార్చుకున్నారంటాం. అది నిర్ణయం మారడం. బైబిలు అనువాదకులకు ఈ తేడా తెలుసు. తోటకు పొమ్మంటే పోనన్న కొడుకు ‘పిమ్మట మనస్సు మార్చుకొని’ పోయాడనే రాశారు (మత్తయి 21:29). అక్కడి గ్రీకు క్రియ కూడా మెటనోయాకు సంబంధించినది కాదు, ‘మెటమెలొమాయ్’ అనే వేరే క్రియ.

అదే మెటమెలొమాయ్ యూదా దగ్గర మళ్లీ వస్తుంది (మత్తయి 27:3). యేసును అప్పగించినవాడు ‘పశ్చాత్తాపపడి’ ముప్పది వెండి నాణేలు తిరిగి తెచ్చాడు, తరువాత ఉరిపెట్టుకున్నాడు. అతనికి మారుమనస్సు కలిగిందని తెలుగు బైబిలు అనలేదు. రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే ఈ ఒక్క వాక్యం చాలు. చేసినదానికి లోపల కాలడం ఒకటి, ఆ కాలినవాడు దేవుని వైపు తిరగడం ఇంకొకటి. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు, తీయకపోనూవచ్చు. 2 కొరింథీయులకు 7:10లో ‘దైవచిత్తానుసారమైన దుఃఖము’ మారుమనస్సును కలిగిస్తుందనీ, లోకసంబంధమైన దుఃఖం మరణాన్ని కలిగిస్తుందనీ ఉంది. దుఃఖం రెండు చోట్లా ఉంది, మారుమనస్సు ఒకచోటే.

ఇంకో పరీక్ష కూడా ఉంది. 1 సమూయేలు 15:11లో సౌలును రాజుగా చేసినందుకు దేవుడే ‘పశ్చాత్తాపపడుచున్నాను’ అంటాడు. అదే అధ్యాయం 29వ వచనంలో ఆయన నరుడు కాడు, ‘పశ్చాత్తాప పడడు’ అని ఉంటుంది. హీబ్రూలోనూ రెండు చోట్లా ఒకే ధాతువు. ఆ చిక్కును వేదాంతులకు వదిలేద్దాం. మనకు కావలసింది ఇంతే: దేవునికి మారుమనస్సు అంటగట్టడం కుదరదు కనుక అక్కడ పశ్చాత్తాపమే పడింది. ఆ మాటకు పాపంతో పని లేదు, నొప్పితోనే పని.

వాడుకలో క్రియలు కూడా వేరు. పశ్చాత్తాపం పడతాం, చెందుతాం. మారుమనస్సు పొందుతాం. ‘మారుమనస్సు పడి’, ‘మారుమనస్సు చేసుకుని’ అని కనిపిస్తే కొట్టేయండి. కతోలికుల బైబిలులో ఇదే భావానికి ‘హృదయ పరివర్తనము’ ఉంటుంది, దాని క్రియ చెందు. వ్యాసకర్త ఏ సంఘానికి చెందినవారో చూసి దిద్దండి, ఒకరి మాట తీసి మరొకరిది పెట్టవద్దు. కతోలికుల ‘పాపసంకీర్తనం’ చూసి కూడా కంగారు పడనక్కరలేదు. అన్నమయ్య సంకీర్తనలు విన్న చెవికి అది పాపాన్ని పొగిడినట్టు తోస్తుంది గానీ, సంకీర్తనం అంటే నోరారా చెప్పడం. చేసిన పాపాన్ని గురువు (ఫాదరు) ముందు నోటితో చెప్పుకోవడమే పాపసంకీర్తనం.

మన హైదరాబాదులో గల్లీ గల్లీకీ వినిపించే ‘తౌబా’ కూడా ఈ సందర్భంలో తలచుకోదగ్గదే. చెంపలు వాయించుకునే తౌబా కాదు, దాని మూలం. అరబ్బీలో తౌబా అంటే తిరిగి రావడం. హీబ్రూలో ప్రవక్తలు వాడిన ‘షూబ్’ దాని తోబుట్టువు. తెలుగు యోవేలు 2:13లో అది ‘యెహోవాతట్టు తిరుగుడి’ అయింది. అపొస్తలుల కార్యములు 3:19లో ‘మారుమనస్సు నొంది తిరుగుడి’ అని మనస్సూ నడకా పక్కపక్కనే నిలిచాయి.

ఇక మీ అసలు చిక్కు, క్షమాపణ. సంస్కృతంలో ఈ మాట క్షమించమని వేడుకోవడాన్ని చెబుతుంది. పూజ చివర చేసే అపరాధ క్షమాపణ అదే. అంటే ‘మంత్రి క్షమాపణ చెప్పారు’ అనే పత్రికల వాడుక మూలానికి దగ్గర. తెలుగు క్రైస్తవంలో మాట అటునుంచి ఇటు తిరిగింది. ‘పాపక్షమాపణ’ (అపొస్తలుల కార్యములు 2:38) అంటే వేడుకోవడం కాదు, దేవుడు పాపాన్ని వదిలేయడం. గ్రీకులో అది ‘అఫెసిస్’. ఆ గ్రీకు మాటే లూకా 4:18లో చెరలో ఉన్నవారికి ‘విడుదల’ అయింది. కాబట్టి పాప శబ్దం ముందు చేరి పాపక్షమాపణ అయితే అనుమానం లేదు, అది దేవుని పక్షం. ఒంటరిగా క్షమాపణ అంటే మాత్రం క్రియ చూస్తేనే గానీ తెలియదు: కోరితే, అడిగితే, చెబితే మనిషిది, ఇస్తే, అనుగ్రహిస్తే, కలిగితే దేవునిది. మీ వ్యాసకర్త ఒకే వాక్యంలో రెంటినీ ఎదురెదురుగా పెట్టారు. వ్యాకరణం తప్పలేదు గానీ చదివేవారికి తడబాటు. పైగా ‘దేవునికి క్షమాపణ చెప్పడం’ బస్సులో కాలు తొక్కి సారీ చెప్పినంత పలచగా ఉందని నా అభిప్రాయం. ఇలా దిద్దవచ్చు: “పాపి మారుమనస్సు పొంది క్షమించమని దేవుణ్ని వేడుకోవాలి, దేవుడు అతని పాపాలు క్షమిస్తాడు.”

క్షమాపణలోని ణ మీద కూడా కన్నేసి ఉంచండి. క్షలోని ష తరువాత వచ్చే న, మధ్యలో అచ్చులూ ప, మ వంటి పెదవి అక్షరాలే ఉంటే, ణ అవుతుంది. రేఫ (ర) తరువాతా అంతే. అందుకే క్షమాపణ, అర్పణ. మధ్యలో త, థ, ద, ధ అడ్డుపడితే న మారదు. అందుకే ప్రార్థన, కీర్తన, ఆరాధన. ప్రార్థనలో థ పొట్టలో చుక్క పోయి ‘ప్రార్ధన’ కావడం మీకు రోజూ ఉండే గొడవే అయి ఉంటుంది.

ప్రభువు ప్రార్థనలో ‘మా ఋణములు క్షమించుము’ అని ఉంది కదా (మత్తయి 6:12), ఋణాన్ని క్షమించడమేమిటని పిల్లలు అడిగితే రుణమాఫీ అని చెప్పండి, తెలంగాణలో అంతకంటే తేలికైన వివరణ లేదు. కానీ లూకా 11:4 దగ్గర జాగ్రత్త. అక్కడ ‘మాకచ్చియున్న ప్రతివానిని’ అని ఉంటుంది. అచ్చు అంటే బాకీపడు అనే పాత క్రియ. రోమీయులకు 13:8లోని ‘అచ్చియుండవద్దు’ కూడా అదే. తెలియనివారు అచ్చుతప్పనుకుని ‘మాకిచ్చియున్న’ అని దిద్దితే బాకీపడ్డవాడు కాస్తా దాత అయిపోతాడు!

కృప, కనికరాల తేడా హెబ్రీయులకు 4:16లో దొరుకుతుంది: అక్కడ ‘కనికరింపబడి’, ఆపైన ‘కృప పొందునట్లు’. దురవస్థలో ఉన్నవాణ్ని చూసి మనసు కరగడం కనికరం. అర్హత చూడకుండా ఇచ్చేది కృప. కరుణ కనికరానికి దగ్గరే, కాస్త గంభీరం. కీర్తన 51 మొదటి వచనం ఒక్కదానిలోనే కృప, కరుణింపుము, వాత్సల్యము మూడూ ఉన్నాయి. ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. హీబ్రూలో అది ‘రహమీమ్’, గర్భం అనే అర్థమున్న ‘రెహెమ్’కు చుట్టం. తెలుగువారు పెట్టిన వాత్సల్యం వత్స నుంచి పుట్టింది, వత్సమంటే దూడ. అక్కడ తల్లి కడుపు, ఇక్కడ దూడను నాకే ఆవు. దీన్ని ‘ప్రేమ’ అని సరళం చేయకండి. అదే కీర్తనలో అతిక్రమము, దోషము, పాపము కూడా మూడు వేరు హీబ్రూ మాటలకు వచ్చినవి. హద్దు మీరడం, వంకర పోవడం, గురి తప్పడం. మూడింటికీ ‘పాపం’ అనే పెడితే కీర్తన సగం పోతుంది.

మీరు అడగకపోయినా రెండు హెచ్చరికలు. యేసును ఎరుగనని బొంకిన పేతురు ‘సంతాపపడి యేడ్చెను’ (మత్తయి 26:75) అన్నదాన్ని నేటి వచనంలోకి మారిస్తే సంతాపం ఉంచకండి. ఇప్పుడది ఎవరో పోతే ప్రకటించేది. ‘కుమిలి కుమిలి ఏడ్చాడు’ అనవచ్చు. రెండోది కామా. జాలిపడినా మనం అనేది ‘పాపం’ అనే. “పాపం ఒప్పుకున్నాడు” అంటే నేరం అంగీకరించాడని. “పాపం, ఒప్పుకున్నాడు” అంటే అతని మీద మనకు జాలి వేసిందని. తప్పిపోయిన కుమారుడి కథ ప్రూఫుల్లో ఈ కామా ఎక్కడ పడిందో ఒకటికి రెండుసార్లు చూడండి.